వార్డు గడియారాన్ని

హైదరాబాద్‌లో మందులు పరీక్షించే ఒక కేంద్రంలో, పడకల వరుసకు ఎదురుగా గోడ మీద ఉంటాను. ఈ పడకల మీద రోగులు లేరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే వచ్చి, డబ్బు తీసుకుని గోళీ మింగుతారు. ముందు రాత్రి నుంచి పస్తు. పొద్దున గోళీ వేశాక నర్సు టార్చి వేసి నాలుక కింద కూడా చూస్తుంది. ఇక అరగంటకోసారి, గంటకోసారి రక్తం తీస్తారు. వేళ నన్ను చూసే రాస్తారు. అది తప్పు పడితే మందు రక్తంలోకి ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది అన్న లెక్కంతా తప్పుతుంది.

నాకు ఇష్టమైనది రెండు మందుల పరీక్ష. మొదట ఒక మందు ఒంటరిగా ఇస్తారు. కొన్నాళ్లు విడిచి, రెండోదానితో కలిపి ఇస్తారు. మనం మింగే మందుల్లో చాలావాటిని అరగదీసేది సీవైపీ3ఏ4 అనే ఎంజైము. టీబీకి వాడే రిఫాంపిసిన్ దాని జోరు పెంచుతుంది, తామరకు వాడే ఇట్రాకొనజోల్ దాన్ని ఆపేస్తుంది. హెల్సింకీలో వాలంటీర్లకు మిడజోలం అనే నిద్రమందు ఇచ్చి చూశారు. ఇట్రాకొనజోల్‌తో కలిస్తే ఒంటికి పట్టే మందు సుమారు 10 రెట్లయిందని 1994లో, రిఫాంపిసిన్ తర్వాత ఇస్తే 96 శాతం పడిపోయిందని 1996లో తేల్చారు. అదే గోళీ, అదే మోతాదు! ఈ సంగతి ముందే పట్టుకోకపోతే ప్రాణాలే పోతాయి. అలర్జీ మందు టెర్ఫెనడైన్ కీటోకొనజోల్‌తో కలిసి గుండె లయ తప్పించేది. 1998లో అమెరికా మార్కెట్ నుంచి దాన్ని తీసేశారు.

ఒకసారి నడిగడ్డలోని గట్టు నుంచి ఒకాయన వచ్చాడు. అక్కడ సీడు పత్తి వేస్తారు. మొగ్గను గోటితో ఒలిచి, మర్నాడు మగపువ్వు తెచ్చి రాస్తారు. ఆ క్రాసింగ్ పని కోసం బొటనవేలి గోరు పెంచుకుని ఉన్నాడు. ఏమైనా మందులు వాడుతున్నావా అని డాక్టరమ్మ అడిగితే లేదన్నాడు. రాత్రి నడుం దగ్గర గోక్కుంటుంటే నర్సు చూసి అడిగింది.

“తామర అక్కా. ఆరెంపీ గోళీలిచ్చిండు. మొన్నటిదాంక మింగిన. దురద గోళీలే గదా.”

చొక్కా జేబులోంచి ఖాళీ షీటు తీశాడు. ఇట్రాకొనజోల్.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. “ఇంకా నీ ఒంట్లోనే ఉందయ్యా అది. దాని మీద మా మందు వేస్తే దిగకుండా పేరుకుపోతుంది. ముప్పు నీకే.”

“మరి పైసలియ్యరా మేడం? సీడు ఆర్గనైజర్‌కు బాకీ ఉన్న.”

పరీక్ష నుంచి తప్పించారు. దారి ఖర్చులు, ఆ రోజు కూలీ చేతిలో పెట్టారు. నా లెక్కలో అది చాలదు. నిజం చెప్పినందుకు రాబడి పోతుందంటే ఎవరు చెబుతారు? 2011లో పిడుగురాళ్ల పేద మహిళలను ఏజెంట్లు హైదరాబాద్ తెచ్చి మందుల పరీక్షల్లో పెట్టారని పెద్ద గొడవైంది. 2013లో సుప్రీంకోర్టు జోక్యం తర్వాత అంగీకారాన్ని వీడియో తీయాలన్న నిబంధన వచ్చింది. మంచిదే. కానీ బాకీ తరుముతుంటే కెమెరా ముందు కూడా మనిషి ‘ఏ మందూ వాడలేదు’ అనే అంటాడు. అప్పుడు ప్రాణం మీదికొచ్చేది మొదట అతనికి. ఆ తప్పుడు లెక్కే మందు పెట్టెలోని కాగితం మీదికెక్కితే, తర్వాత గట్టులో టీబీ గోళీలు మింగుతున్న ఇంకొకరికి. వెనక్కి పంపినవాళ్లకూ పూర్తి డబ్బు ఇవ్వాలి.

గట్టు ఆయన్ని వెనక్కి పంపిన వారమే డాక్టరమ్మ ప్రశ్న మార్చింది. “దురదకు, నొప్పులకు, నిద్రకు, బలానికి ఏం మింగావు? ఆరెంపీ ఏమిచ్చాడు? సంచిలో ఉన్న గోళీలన్నీ ఈ బల్ల మీద పెట్టు” అంటోంది. అంతకుముందు ‘లేదు మేడం’ అన్నవాళ్ల సంచుల్లోంచే ఇప్పుడు షీట్లకు షీట్లు బయటపడుతున్నాయి.