గోబ్లిన్ డ్రూయిడ్‌కి ఏ సర్కిల్? ఎన్‌సీఆర్ తెలుగువారికి ఉచిత సలహాలు

ముందు రూల్ బుక్ మూసి అవతల పెట్టండి. చదివినవాడికి సందేహాలొస్తాయి. సందేహాలున్నవాడు గట్టిగా వాదించలేడు. గోబ్లిన్ డ్రూయిడ్‌తో నెగ్గుకురావాలంటే వాదనే దిక్కు.

ఆట కొత్తవాళ్లకు రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒకరు డీఎం, అంటే కథ నడిపే పెద్దమనిషి. మిగతావాళ్లు తలా ఒక పాత్ర వేస్తారు, ఏం జరిగిందో పాచికలు తేలుస్తాయి. డ్రూయిడ్ అడవిని నమ్ముకున్న మంత్రగాడు, జంతువుగా మారగలడు. 2014 నాటి రూల్స్ ప్రకారం రెండో లెవెల్‌లో ఏదో ఒక సర్కిల్‌లో, అంటే డ్రూయిడ్ల శాఖలో, చేరాలి. గోబ్లిన్ మూడు నాలుగు అడుగుల పొట్టి శాల్తీ. 2016లో వచ్చిన 'వోలోస్ గైడ్ టు మాన్‌స్టర్స్' దానికి మంచి వరాలే ఇచ్చింది. తనకన్నా పెద్దవాళ్లను కొట్టినప్పుడు, విశ్రాంతికొకసారి, తన లెవెల్ ఎంతో అంత అదనపు దెబ్బ వేయొచ్చు. ప్రతి టర్న్‌లో బోనస్ యాక్షన్, అంటే అసలు పనికి తోడు దొరికే చిన్న పని, వాడి జారుకోవచ్చు, లేదా దాక్కోవచ్చు. టర్న్‌కి బోనస్ యాక్షన్ ఒక్కటే. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే రాత్రంతా దీన్ని మరచిపోయినట్టు నటించాల్సింది మీరే.

డ్రూయిడ్ మంత్రాలన్నీ విజ్డమ్ మీద నడుస్తాయి. వోలో పుస్తకం గోబ్లిన్‌కి డెక్స్‌టెరిటీలో రెండు, కాన్‌స్టిట్యూషన్‌లో ఒకటి కలిపి ఇచ్చింది, విజ్డమ్‌కి మాత్రం గుండు సున్నా. పెద్దల అభిప్రాయం తెలుస్తూనే ఉందిగా? అక్కడ 8 వేసి ఊరుకోండి.

కొత్తవాళ్లకు నా మొదటి ఓటు సర్కిల్ ఆఫ్ ద మూన్‌కే. రెండో లెవెల్‌లోనే గోధుమరంగు ఎలుగుబంటి కావచ్చు. దానికి 34 హిట్ పాయింట్లు, అవి అయిపోయాకే మీ సొంతవి తరగడం మొదలవుతుంది. మారడానికి బోనస్ యాక్షన్ ఖర్చయింది కనుక ఈ టర్న్‌లో దాక్కోవడం కుదరదంటాడు డీఎం. "మారడమే దాక్కోవడం భయ్యా, గోబ్లిన్ ఎక్కడుందో చూపించు" అనండి. తర్వాతి టర్న్ నుంచి ఇంకో తగాదా మొదలవుతుంది. కొత్త శరీరానికి చేతనైనంత మేరకు పాత విద్యలు మీ దగ్గరే ఉంటాయని రూలు. అంత భారీ ఎలుగు గోబ్లిన్‌లా సందులో నక్కగలదా అన్నది డీఎం తేల్చాలి. ఇక్కడ 1957 నాటి 'మాయాబజార్' అక్కరకొస్తుంది. ఘటోత్కచుడు శశిరేఖగా మారాక కూడా ఆ నడక, ఆ విసురు అన్నీ అతనివే. సావిత్రి అంత చక్కగా చేసి చూపించాక ఎలుగుకి ఏం తక్కువ? డీఎం పంజాబీ అయితే ఆ ఘట్టం ఫోన్‌లో పెట్టి, మధ్యమధ్యలో ఆపుతూ తర్జుమా చేయండి. ఈలోపు యుద్ధంలో ఎవరి టర్న్ నడుస్తోందో అందరూ మరచిపోతారు, మీదేనని చెప్పేయొచ్చు. ఒక్కటే లోటు. ఎలుగు లార్జ్ సైజు, ఓగర్ అనే రాక్షసుడు కూడా లార్జే, కాబట్టి పెద్దవాళ్లను కొట్టే వరం దాని మీద పనిచేయదు. మనసులో నేనింకా పొట్టివాణ్ణేనని వాపోండి. ఒకోసారి జాలిపడతారు.

మీ ఆట దీపావళి ముందో వెనకో మొదలైతే మాత్రం సర్కిల్ ఆఫ్ వైల్డ్‌ఫైర్. ఇది 2020లో 'టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్'లో వచ్చింది. అగ్నిభూతాన్ని పిలిచిన క్షణాన దాని చుట్టూ 10 అడుగుల్లో, మీరు తప్ప, ప్రతి ప్రాణీ తప్పించుకునే పాచిక (సేవ్) తప్పితే రెండు ఆరుముఖాల పాచికలంత (2డీ6) మంట దెబ్బ తింటుంది. శత్రువులని రాయలేదు, ప్రతి ప్రాణీ అని రాశారు. పిరికివాళ్లు భూతాన్ని దూరంగా దింపుతారు. మీరు మిత్రుల నడిమధ్యన దింపండి. ఏటా పంట కోతలయ్యాక పంజాబ్, హర్యానా వరి కొయ్యకాళ్ల పొగ మీద బతికే ఊరు మనది, ఇంకో మంట లెక్కా? ఏక్యూఐ 450 దాటితే గ్రాప్ నాలుగో దశ అని లారీలు ఆపుతారు, కట్టడాలు ఆపుతారు. ఆ ఉత్తర్వుల్లో డ్రూయిడ్ అన్న మాట ఎక్కడుందో చూపించమనండి. పైగా భూతానికి పని పురమాయించాలన్నా బోనస్ యాక్షనే కావాలి. మీరు దాన్ని దాక్కోవడానికి వాడేస్తే, పాపం భూతం దెబ్బలు తప్పించుకుంటూ నిలబడుతుంది తప్ప ఇంకేమీ చేయదు. గోబ్లిన్ దాక్కుంటుంది, భూతం తప్పించుకుంటుంది, కాలిన మిత్రులు పోరాడతారు. ఇంతకన్నా న్యాయమైన పని పంపకం నాకు తెలియదు.

షెపర్డ్ సర్కిల్ గురించి ఢిల్లీవాళ్లకు వేరే చెప్పాలా? 2023లో జీ20 సభలప్పుడు కోతుల్ని బెదరగొట్టడానికి కొండముచ్చుల కటౌట్లు నిలబెట్టారు, కొండముచ్చులా అరిచే మనుషుల్ని కూడా పెట్టారు. షెపర్డ్ డ్రూయిడ్ మాట జంతువులకు అర్థమవుతుంది, ఒక్కణ్ణి పిలిచి ఉంటే సరిపోయేది. అయిదో లెవెల్‌లో జంతువుల్ని రప్పించే మంత్రం వస్తుంది, ఒకేసారి ఎనిమిది తోడేళ్లు దిగుతాయి. ఒక్కొక్క దానికీ పేరు పెట్టండి, ఒక్కొక్క దానికీ విడిగా పాచిక వేయండి. నాలుగో తోడేలు దగ్గర మెట్రో యాప్ తెరిచేవాడు ద్వారకా వాసి. ఏడో తోడేలుకి ఆఖరి బండి టైమవుతుంది, అందరూ బ్యాగులు సర్దుకుంటారు. మిగిలిన నిధి మీదే. దీనికోసం ఆట జరిగే సొసైటీలోనే అద్దెకు దిగండి. అద్దె గురించి ఆలోచించకండి.

స్టార్స్ సర్కిల్‌లో నక్షత్ర పటం చేతికిస్తారు. 1724లో జంతర్ మంతర్ కట్టిన ఊళ్లో ఇప్పుడు చుక్క కనబడదు కనుక ఏది ఏ రాశి అన్నా ఎవరూ కాదనలేరు. విలుకాడి రూపం ప్రతి టర్న్‌లో బోనస్ యాక్షన్ అడుగుతుంది, మళ్లీ అదే గొడవ, మనకు కావలసిందీ అదే. డ్రీమ్స్ సర్కిల్ పక్కవాళ్లకు వైద్యం చేస్తుంది, వదిలేయండి. ల్యాండ్ సర్కిల్‌లో ఎనిమిది నేలలున్నాయి, నగరం లేదు. అండర్‌డార్క్ తీసుకుని పాలికా బజార్‌లో పెరిగానని చెప్పండి. దుర్గంధపు మేఘం కురిపించే మంత్రం ఉచితంగా వస్తుంది.

స్పోర్స్ సర్కిల్ జోలికి మాత్రం పోకండి. దాని బూజు పొడి రియాక్షన్‌తో పనిచేస్తుంది, తాత్కాలిక హిట్ పాయింట్లకు యాక్షన్ చాలు, అవీ లెవెల్‌కి నాలుగు చొప్పున. బోనస్ యాక్షన్ మొత్తం గోబ్లిన్‌కే మిగిలిపోతుంది. దగ్గరికెళ్లి, కొట్టి, జారుకుని, దాక్కుని, మళ్లీ రావచ్చు. ఎవరితోనూ పేచీ ఉండదు. ఇక శనివారం సాయంత్రం నోయిడా దాకా వెళ్లి చేసేదేముంది?

ఇంత చేసినా డీఎం లొంగకపోతే ఆదివారం ఆంధ్రా భవన్ బిర్యానీకి తీసుకెళ్లండి. క్యూలో నిలబడ్డప్పుడు తీర్పు అడగండి, తినేశాక కాదు.

చివరికి మీ గోబ్లిన్ చచ్చిపోతుంది, మిత్రుల చేతిలోనే కావచ్చు. కంగారు పడకండి. తొమ్మిదో లెవెల్ డ్రూయిడ్ ఇంకొకరుంటే రీఇన్‌కార్నేట్ మంత్రం వేయించుకోండి. 1,000 బంగారు నాణేల తైలాలు కావాలి, అందరి ఉమ్మడి మూటలోంచి తీయండి. కొత్త జాతి ఏదో డీఎం పాచిక వేసి చెబుతాడు. 2014 పుస్తకంలోని ఆ పట్టికలో మరుగుజ్జులున్నారు, ఎల్ఫ్‌లున్నారు, మనుషులున్నారు, గోబ్లిన్ లేదు. మీరు సగం ఓర్క్‌గా లేచి కూర్చుంటారు, సర్కిల్ అదే ఉంటుంది, దాక్కునే వరం పోతుంది. బోనస్ యాక్షన్ తగాదా అంతటితో పరిష్కారం.