శాలువా వైద్యము

సప్తసముద్రములు దాటి, సంక్రాంతి సెలవులకు స్వస్థలమగు ఆళ్లగడ్డకు విచ్చేసి, ఒకపూట ఉచిత వైద్యశిబిరము నడపు అమెరికా డాక్టరుగారికి ఫ్లెక్సీలు కట్టుటకును, శాలువాలు కప్పుటకును, వరుసలోని అవ్వ చేతికి మాత్రల పొట్లమిచ్చుచు ఆయన ఫొటో దిగుటకును పట్టిన కాలము పోగా, మిగిలిన గంటలోనే జనులందఱి నాడియు చూడవలసివచ్చెను. శిల్పశాలలో రాతిదుమ్ము పీల్చి పీల్చి ఊపిరి బిగిసిన శిల్పికి దగ్గుమందు దక్కెను; ఆయుష్కాలమెల్ల వాడవలసిన చక్కెరవ్యాధి మాత్రలు పదిదినములకు సరిపడ అవ్వకు దక్కినవి. నంద్యాలలో 2023లోనే ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది గదా యందురా? అచ్చట మందులే యిత్తురుగాని ఫొటో తీయరు!

“పదకొండోనాడు ఏం మింగాల నాయనా?” అని అవ్వ యడుగునప్పటికి కారు చాగలమర్రి దాటినది.