ఉచిత సలహా

పెళ్లి భోజనాల్లో డాక్టరు పక్కన కూర్చున్నవాడు తను తిన్నగా తినడు, డాక్టర్నీ తిననివ్వడు. పప్పు వడ్డించేలోపు మోకాళ్ల నొప్పి, సాంబారు దగ్గర షుగరు, పెరుగన్నంలోకి వచ్చేసరికి వాళ్ల అత్తగారి గుండె. మా బావ ఈ విద్యలో ఆరితేరిన ఘటం. అట్లాంటాలో ఏ తెలుగువాళ్లింట్లో సత్యనారాయణ వ్రతమైనా సరే, ఎవరెవరు వస్తున్నారో ముందు కనుక్కుంటాడు. లాయరు వస్తున్నాడంటే ఒక ఫైలు, టాక్సులు చూసేవాడు వస్తున్నాడంటే ఇంకో ఫైలు కారులో పడేసుకుని బయల్దేరతాడు. ప్రసాదం చేతిలో పడేసరికి పని అయిపోతుంది.

అలాంటి మనిషికి చెట్ల డాక్టర్లు ఊళ్లోకి దిగుతున్నారని చెప్పింది నేనే.

2024 ఆగస్టు. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్ వాళ్ల వార్షిక సభలు ఆ ఏడు అట్లాంటాలో పెట్టారు. 1924లో పుట్టిన సంఘం, నూరేళ్ల పండగ కూడా అదే ఏడు. ఆర్బరిస్టులంటే అడవులు పెంచేవాళ్లు కారు, తోటమాలులూ కారు. ఇళ్ల మధ్య, రోడ్ల పక్కన ఉన్న పెద్ద చెట్లని ఎక్కి, కొమ్మ కొమ్మా తడిమి చూసి, ఏది ఉంచాలో ఏది తీయాలో తేల్చేవాళ్లు. వీళ్లకి చెట్టెక్కే పోటీలు కూడా ఉన్నాయి. 1976లో సెయింట్ లూయిస్‌లో మొదలయ్యాయి. కొమ్మల చివర కట్టిన గంటలు మోగించుకుంటూ రావడం, చెట్టు మీద స్పృహ తప్పినట్టు వేలాడదీసిన బొమ్మమనిషిని క్షేమంగా కిందికి దించడం లాంటివి అందులో పరీక్షలు.

వారమంతా జీతానికి చెట్లెక్కేవాళ్లు సెలవు దొరికితే ఏం చేస్తారనుకున్నారు? సరదాకి చెట్టెక్కుతారు. ఆ సరదాకి అట్లాంటాయే పుట్టిల్లు. పీటర్ జెంకిన్స్ అనే ఆయన, అంతకుముందు కొండలెక్కినవాడు, 1983లో ఇక్కడే ట్రీ క్లైంబర్స్ ఇంటర్నేషనల్ పెట్టి, తాళ్లూ ముడులూ నేర్పి మామూలు జనాన్ని చెట్లెక్కించాడు. శని ఆదివారాల్లో ఎక్కే చిన్న గుంపు మాదీ ఒకటి ఉంది. పరదేశాల నుంచి వచ్చినవాళ్లకి ఒక పూట చెట్టూ, ఒక పూట తిండీ పెడదామని మావాళ్లు తీర్మానించారు. తిండి ఏదోలా అవుతుంది. చెట్టు కావాలి. పార్కుల్లో అయితే అనుమతులు, ఇన్సూరెన్సు కాగితాలు, నెలల తరబడి తిరుగుడు.

బావ వాళ్ల పెరట్లో వైట్ ఓక్ ఉంది. మనవాళ్లంతా ఉత్తరాన ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్, కమింగ్ వైపు కొత్త ఇళ్లలో సర్దుకుంటే, బావ మాత్రం ఆఫీసుకి దగ్గరని నగరంలోనే పాత ఇల్లు కొన్నాడు. ఇల్లు పాతది, చెట్టు ఇంటికంటే పాతది. బూడిదరంగు బెరడు, మనిషి చేతుల్లో ఇమడని మాను, పక్కింటి పెరటి దాకా నీడ.

మొహమాటపడుతూ ఫోన్ చేశాను. సగం చెప్పానో లేదో, "తప్పకుండా! బిర్యానీ ఖర్చు కూడా నాదే," అన్నాడు. బావ బిర్యానీ ఊరికే పెట్టించే మనిషి కాడు. అయినా చెట్టు దొరికిందన్న సంబరంలో నేను గుంపుకి మెసేజీ పెట్టేశాను.

ముందురోజు సాయంత్రం మేం వెళ్లి చెట్టు చూశాం. ఎక్కేముందు చూడటం ఆచారం. మొదలు చుట్టూ పుట్టగొడుగులున్నాయా, వేళ్ల దగ్గర మట్టి పగిలిందా, మాను మీద రబ్బరు సుత్తితో కొడితే డొల్ల మోత వస్తుందా, పైన విరిగి చిక్కుకున్న ఎండుకొమ్మలున్నాయా. ఏమీ లేవు. మిగతావాళ్లు వెళ్లాక బావ నన్ను గ్యారేజీలోకి లాక్కెళ్లాడు.

"ఏవోయ్, రేపొచ్చేవాళ్లలో సర్టిఫికెట్ ఉన్నవాళ్లెందరు?"

"దాదాపు అందరూ."

"ఒక్కడు చాలు. ఒక్కడు ఒక్క ముక్క రాసిస్తే చాలు."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. చెట్టున్న చోట బావకి స్విమ్మింగ్ పూల్ కావాలి. అట్లాంటాలో సొంత పెరట్లోదైనా సరే, ఓక్ లాంటి చెట్టు ఛాతీ ఎత్తులో 6 అంగుళాల మందం ఉందంటే కొట్టడానికి నగరం అనుమతి తీసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నదాన్ని కొడితే అప్పట్లో చెట్టుకి 100 డాలర్లు, మందంలో అంగుళానికి 30 డాలర్లు చొప్పున పరిహారం. మా అక్క జాకెట్లు కుట్టుకునే టేపు తీసుకెళ్లి బావ కొలిచాడట. అరవై అంగుళాల టేపు, సరిగ్గా మూడు సార్లు పట్టింది. చుట్టుకొలత 180, మందం 57. మొత్తం 1,810 డాలర్లు. కొట్టే కూలీ వేరే. ఆపైన పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ అభ్యంతరం చెప్పకుండా ఉండదు. అదే, చెట్టు ఎండిపోయిందనో, ఎండిపోతోందనో, మీద పడే ప్రమాదముందనో తేలితే పరిహారం లేదు. టీచరమ్మ నోరు కూడా మూతపడుతుందని బావ లెక్క.

"చెట్టు నిక్షేపంలా ఉంది బావా. ఇప్పుడేగా చూశాం."

"నువ్వేమన్నా డాక్టరువా?"

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లని చూశాను కానీ, చెట్టెక్కేవాళ్లకి బిర్యానీ పెట్టి చెట్టుకి మరణ ధ్రువపత్రం రాయించుకునేవాణ్ణి అదే చూడటం.

వంటింట్లోకి వెళ్తే ఇంకో తతంగం. ఎవరైనా పడి దావా వేస్తే? ఎక్కేవాళ్లందరి దగ్గరా హామీపత్రాలు మేం తీసుకుంటాం, ఇంటి యజమాని అనుమతిపత్రం కూడా ఒకటి ఉంటుంది. బావకి సొంత కంపెనీ ఉంది. దాని మీద కేసులొస్తే ఇల్లు పోకూడదని కొన్నప్పుడే ఇల్లు అక్క పేర రాయించాడు. ఆ అనుమతిపత్రం అక్క ముందు పెట్టి, "చూడు, ఈ ఇంటి కాగితం ఏదైనా సరే, సంతకం నీదే ఉండాలి. నాది ఎక్కడా కనపడకూడదు. ఏమన్నా అయితే నాకేం తెలీదు," అన్నాడు.

అక్క ఉల్లిపాయల చెయ్యి తుడుచుకుంది. "చదివి పెట్టమంటారా, చదవకుండా పెట్టమంటారా?"

"ఏదో ఒకటి. పెట్టు."

పెట్టింది.

పొద్దున ఎనిమిదికల్లా పదిమంది దాకా దిగారు. న్యూజిలాండ్ ఆవిడ ఒకరు, గడ్డం జర్మన్ ఒకాయన, హాంకాంగ్ కుర్రాడు, ఇంకా ఎవరెవరో. అట్లాంటా ఆగస్టులో మధ్యాహ్నం దాటితే ఉరుములు ఎప్పుడొస్తాయో చెప్పలేం కాబట్టి పొద్దున్నే చెట్టు, తర్వాతే తిండి. బీరు మాత్రం అందరూ నేల మీదికి వచ్చాకే. బావ ప్రతివాళ్లనీ "డాక్టర్, డాక్టర్" అని పిలుస్తూ, వాళ్లు చెట్టు దగ్గరికి చేరకముందే మునగచెట్టు ఎక్కించేశాడు.

హాంకాంగ్ కుర్రాడు ఎనిమిదడుగుల కర్రకి బిగించిన ఉండేలు తీశాడు. బరువు సంచికి సన్నదారం కట్టి, రబ్బరు లాగి వదిలితే సంచి అరవై అడుగుల ఎత్తున కొమ్మ మీంచి అటు దూకి కిందికొచ్చింది. ఆ దారంతో అసలు తాడు లాగారు. తాడు రాపిడికి బెరడు ఒరుసుకోకుండా కొమ్మకి ముందు ఒక తొడుగు ఎక్కించారు. ముళ్ల బూట్లు ఎవరూ తేలేదు. అవి కొట్టేసే చెట్టుకే తప్ప బతికున్న చెట్టుకి తొడగరు. బావ ఇదంతా చూసి, "కొట్టేసే చెట్టుకి ఇంత మర్యాద ఎందుకో!" అని నా చెవిలో అన్నాడు.

పైనుంచి ఎవరో "హెడేక్!" అని అరిచారు. చెట్టు మీంచి ఏదైనా జారితే కిందివాళ్లకి వీళ్లు వేసే కేక అది. అందరం తలోవైపు జరిగాం. ఎండుపుల్ల ఒకటి టప్‌మని పడింది. తలెత్తి చూసేసరికి అక్క అమృతాంజనం సీసాతో మెట్లు దిగుతోంది.

న్యూజిలాండ్ ఆవిడ ఆ సీసా సంగతి విని నవ్వీ నవ్వీ, అక్క చెయ్యి పట్టుకుని, "నువ్వూ ఎక్కు," అంది. అక్క వద్దంటుందనుకున్నాను. చున్నీ నడుముకి బిగించి హార్నెస్ తొడుక్కుంది. మా ఊళ్లో కోతికొమ్మచ్చి ఆడితే అక్కని ముట్టుకున్న మగపిల్లాడు లేడు. ఓణీ వేసిన రోజు నుంచి అమ్మమ్మ చెట్టు ఛాయలకి రానివ్వలేదు. ఇప్పుడు ముడి ఎలా జరపాలో చూపిస్తే చాలింది. తాడు మీద వేసే ఆ ముడి పేరు బ్లేక్స్ హిచ్, పైకి తోస్తే జారుతుంది, బరువు పడితే బిగుసుకుంటుంది. చెయ్యి వదిలేసినా ఉన్నచోటే ఉంటాం. అక్క కాసేపట్లోనే నలభై అడుగుల మీద ఒక పెద్ద కొమ్మ చేరి, కాళ్లు వేలాడేసి కూర్చుంది. పక్కనే న్యూజిలాండ్ ఆవిడ. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. కింద ఏమీ వినపడలేదు.

"మంచిదే," అన్నాడు బావ. "మనింటి మనిషి పైన ఉంటే లోపాలు దగ్గర్నుంచి చూపిస్తుంది."

జర్మన్ ఆయన విశ్రాంతికి దిగి, మీ దేశంలో చెట్లెవరు ఎక్కుతారని నన్నడిగాడు. తాటిచెట్లెక్కే గీత కార్మికుల గురించి, మోకు, ముస్తాదు గురించి చెప్పాను. అంతకు ముందు నెల, జులైలోనే, తెలంగాణ ప్రభుత్వం వాళ్లకి కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టిందన్నాను. ఆయనకి కిట్టు కంటే మోకు మీద ఆసక్తి. నేల మీద కూర్చుని నా చేత బొమ్మ గీయించుకున్నాడు. "రోజుకి ఎన్ని చెట్లు?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. మధ్యలో బావ దూరి, "రాత్రిళ్లు ఈ చెట్టు కిర్రుమంటుంది డాక్టర్. కొంచెం ఇంటివైపు ఒరిగినట్టు లేదూ?" అన్నాడు. ఆయన చెట్టుని ఎగాదిగా చూసి, "చాలా అందంగా ఒరిగింది," అని మళ్లీ మోకులోకి వచ్చేశాడు.

తర్వాత ఆయనే చిటారుకొమ్మ దాకా వెళ్లి, అక్కణ్నుంచి కొలతల టేపు కిందికి వదిలాడు. బావ మొహం వెలిగిపోయింది. "చూశావా? పడితే ఎంత దూరం పడుతుందో లెక్క కడుతున్నారు!" 112 అడుగులు. ఇంకెవరో కొమ్మల వెడల్పు కొలవడానికి కింద సాయం అడిగితే, బావ పరిగెత్తుకెళ్లి టేపు కొస తనే పట్టుకున్నాడు. ఈ చివర్నుంచి ఆ చివరికి, మళ్లీ అడ్డంగా. సగటు 100 అడుగులు. చెమటలు కక్కుతూ పట్టుకున్నాడు, పాపం.

అందరూ దిగాక, పళ్లేలు చేతికి రాకముందే, బావ తెల్లకాగితం, పెన్నుతో సహా న్యూజిలాండ్ ఆవిడ ఎదుట నిలబడ్డాడు.

"డాక్టర్, నిజం చెప్పండి. మేం తట్టుకోగలం."

"చెట్టు అద్భుతం," అంది. "కానీ ఇక్కడ ఒక ప్రమాదం ఉంది."

బావ పెన్ను మూత తీశాడు.

"మీ డెక్కు. దాని కర్ర స్తంభాలు మొదట్లో కుళ్లిపోయాయి. అది కూలిందంటే చెట్టు వేళ్లకి దెబ్బ. వెంటనే తీయించండి. కావాలంటే రాసిస్తాను."

బిర్యానీ బాగుందన్నారు. మిరపకాయ బజ్జీలకి హాంకాంగ్ కుర్రాడు కళ్లనీళ్లు పెట్టుకుని రెండోసారి వడ్డించుకున్నాడు. బావ మాత్రం పెరుగన్నం దాకా రాలేదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం నన్ను అర్జంటుగా రమ్మన్నాడు. వెళ్లేసరికి డైనింగ్ టేబుల్ మీద ఒక ఉత్తరం, దానికి జతగా ఒక దరఖాస్తు నకలు. ఏ జాతిలో ఏది అతిపెద్ద చెట్టో వెతికి నమోదు చేసే జాబితాలుంటాయి. అమెరికాలో 1940 నుంచీ నడుస్తున్న లెక్క అది. చుట్టుకొలత అంగుళాల్లో, ఎత్తు అడుగుల్లో, కొమ్మల వెడల్పులో నాలుగో వంతు. మూడూ కలిపితే వచ్చేవే మార్కులు. 180, 112, 25. మొత్తం 317. మీ చెట్టు చాంపియన్ నామినేషన్ అందింది, సంతోషం, కొలతలు సరిచూడటానికి మావాళ్లు వస్తారు, ఈలోగా చెట్టుని జాగ్రత్తగా చూసుకోగలరు అని ఉత్తరం. నామినేట్ చేసింది న్యూజిలాండ్ ఆవిడ. ఆరోగ్యం అన్నచోట 'శ్రేష్ఠం' అని రాసింది. కొలతలకి సహకరించినవారు అన్నచోట బావ పేరు ఉంది, స్పెల్లింగుతో సహా సరిగ్గా.

"ఇప్పుడిది చచ్చిపోతోందని దరఖాస్తు పెడితే నగరంవాళ్లు నా మొహం చూస్తారా?" అన్నాడు బావ. "అయినా యజమాని ఒప్పుకోకుండా వీళ్లెలా రాస్తారు? దావా వేస్తాను!"

నేను కాగితం రెండోవైపు తిప్పాను. 'చూడవచ్చేవారికి అభ్యంతరం లేదు' అన్న గడిలో టిక్కు. దాని కింద యజమాని సంతకం, గుండ్రంగా, తెలుగులో.

బావ వంటింటి వైపు తిరిగాడు. "ఇదెప్పుడు పెట్టావు?"

"చెట్టు మీద కూర్చున్నప్పుడు," అంది అక్క, బియ్యం కడుగుతూ. "మీరేగా చెప్పారు, ఈ ఇంటి కాగితం ఏదైనా సంతకం నాదే ఉండాలని. ఇది మాత్రం చదివే పెట్టాను."