నకలు ఓడ ఆత్మకథ

ఈ కథ చెబుతున్నది ఒక నూనెరంగుల పటం. ‘నేను’ అనడానికి దానికి నోరు రాదు. దాని మీది ఓడ ఒక దేశానిది, ఆ ఓడను మొదట గీసిన చెయ్యి మరొకరిది. అందుకే తన ఊసు వచ్చిన ప్రతిచోటా ‘ఈ పటం’ అనే చెప్పుకుంటుంది.

ఓడ పేరు టెమరేర్. 98 ఫిరంగుల యుద్ధనౌక. 1798లో ఇంగ్లండులోని చాటమ్ రేవులో నీళ్లలోకి దిగింది. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ పోరులో బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ ఉన్న విక్టరీ అనే ఓడను ఒక ఫ్రెంచి ఓడ పెనవేసుకుని, సైనికులను దాని మీదికి ఎక్కించబోతుంటే టెమరేర్ వచ్చి ఆదుకుంది. దేశమంతా దాని పేరు మోగింది. ముప్పై మూడేళ్లు గడిచాక, 1838లో, అదే నౌకాదళం దాన్ని 5,530 పౌండ్లకు పాత ఓడలు విరగ్గొట్టే జాన్ బీట్సన్‌కు అమ్మేసింది. తెరచాప కొయ్యలు అప్పటికే ఊడదీశారు. మిగిలిన డొక్కును రెండు ఆవిరి పడవలు షీర్‌నెస్ నుంచి థేమ్స్ నది మీదుగా రోదర్‌హైత్‌కు లాక్కుపోయాయి.

చిత్రకారుడు టర్నర్ 1839లో రాయల్ అకాడమీలో ప్రదర్శనకు పెట్టిన పటంలో ఇదంతా ఇలా ఉండదు. లాగే పడవ ఒక్కటే. కొయ్యలు మూడూ నిటారుగా నిలబడి ఉంటాయి. ఓడ తెల్లగా, బంగారు ఛాయతో మెరుస్తుంటుంది. అది వెళ్లాల్సింది పడమటికి, కానీ అస్తమించే సూర్యుడు దాని వెనక ఉంటాడు. ఇవన్నీ తప్పులని ఎంచినవాళ్లున్నారు. ఈ పటానికి మాత్రం అందులో కనిపించేది ప్రేమే. ఊడదీసిన కొయ్యలను ఆ ముసలి ఓడకు తిరిగి ఇచ్చినవాడు టర్నర్ ఒక్కడే. ఆ పటాన్ని ఆయన బతికున్నన్నాళ్లూ ఎవరికీ అమ్మలేదు. 1851లో ఆయన పోయాక అది జాతికి దక్కింది. ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. 2005లో బీబీసీ రేడియో శ్రోతలు బ్రిటన్‌లోని పటాలన్నిటిలో గొప్పదిగా దాన్నే ఎన్నుకున్నారు. 2020లో వచ్చిన 20 పౌండ్ల నోటు మీద టర్నర్ ముఖం పక్కనే ఆ ఓడ కూడా ఉంది.

దానికి నకలైన ఈ పటం పుట్టింది చైనాలో, షెన్‌జెన్ నగరంలోని దాఫెన్‌లో. 1989లో హువాంగ్ జియాంగ్ అనే హాంకాంగ్ వ్యాపారి కొద్దిమంది చిత్రకారులతో అక్కడ నకళ్ల పని మొదలుపెట్టాడు. దాఫెన్ పల్లె పెరిగి ప్రపంచానికంతా నూనెరంగుల పటాలు పంపే పేట అయింది. పెద్ద గిరాకీ వస్తే ఒకరు ఆకాశం, ఒకరు నీళ్లు, ఇంకొకరు ఓడ వేస్తారు. ఈ పటాన్ని మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒక్క మనిషే వేశాడు. థేమ్స్‌ను ఆయన ఎన్నడూ చూడలేదు. పక్కన అతికించుకున్న ఒక అచ్చు ఫోటోయే ఆయనకు ఆధారం. ఆ ఫోటోలో ఎరుపు కాస్త ఎక్కువ, అందుకే ఈ పటంలో సూర్యుడూ కాస్త ఎర్రగానే పుట్టాడు. టర్నర్ కాలంలో లేని టైటానియం తెలుపు ఈ ఓడ ఒంటి మీద ఉంది. అయినా తెరచాప తాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన ఊపిరి బిగబట్టి సన్న కుంచెతో ఒక్కొక్కటే లాగాడు. ఆ శ్రద్ధ ఈ పటానికి గర్వం. నకలు గీయడం చిన్న పనేమీ కాదు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 1793 నుంచీ అందుకు అనుమతిస్తున్నారు. కొలత మాత్రం అసలుతో సమానంగా ఉండకూడదు. ఫ్రెంచి చిత్రకారులు దెగా, సెజాన్ అక్కడ పాతవాళ్ల పటాలు చూసి గీసి చెయ్యి తిరిగినవాళ్లే.

నూనెరంగు నీళ్లరంగులా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. మందంగా వేసిన చోట నెలలు పడుతుంది. ఈ పటాన్ని వారాల్లోనే చుట్టచుట్టి గొట్టంలో పెట్టి పంపేశారు. సూర్యుడి దగ్గర ఉబ్బెత్తుగా వేసిన రంగు అక్కడే అణిగిపోయింది.

కొన్నది ఇంగ్లండు సముద్రతీరంలో చేపల హోటలు పెట్టినవాళ్లు. మంచి చెక్క ఫ్రేము కట్టించి, గది వెచ్చబెట్టే రేడియేటర్ పైనే తగిలించారు. చలికాలం పొద్దున వేడి, రాత్రి చలి. కాన్వాసు బిగుసుకోవడం, వదులవడం. మొదట ఆకాశంలో సన్నని వెంట్రుక లాంటి పగులు, తర్వాత దాని పక్కన ఇంకొకటి. వంటింటి నూనె పొగ పొరలు పొరలుగా కమ్మి నదిని గోధుమరంగు చేసింది. ఒకరోజు ఎవరో గిన్నెలు తోమే సబ్బునీళ్లలో గుడ్డ ముంచి గట్టిగా రుద్దారు. మురికితో పాటు అంచున ఉన్న పల్చటి పసుపూ పోయింది. పొడిగా, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి ఊరుకోవాల్సింది. తినడానికి వచ్చినవాళ్లు దగ్గరికి వచ్చి, “ప్రింటులే” అని వెళ్లిపోయేవాళ్లు. వేలితో తాకినా తెలిసేది, కుంచె వెంట్రుకలు నడిచిన గీతలు ఇంకా ఉన్నాయి.

హోటలు రంగులు మార్చినప్పుడు పటం దింపి, పెరటి కొట్టంలో గోడవైపు తిప్పి పెట్టారు. తడి గోడ. ఒక శీతాకాలమంతా వెనకవైపు బూజు పట్టింది. టెమరేర్ కూడా చివరి ఏళ్లలో కొన్నాళ్లు లంగరు వేసి నిలబెట్టిన కొట్టంగా, సామాన్లు దాచే చోటుగా బతికింది. ఆ సంగతి ఈ పటానికి అక్కడే అర్థమైంది.

ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో ఉంది. ధర చీటీని తిన్నగా ఆవిరి పడవ మీద అంటించారు. చీటీ మీద ‘చెక్క ఫ్రేము’ అని రాసి ఉంది. బొమ్మ ప్రస్తావనే లేదు. కొలతలు తీసుకుని వెళ్లినవాళ్లందరూ ఫ్రేమునే కొలిచారు. అసలు ఓడను విరగ్గొట్టిన రోదర్‌హైత్‌లో కూడా దాని కలపను అలా వదిలెయ్యలేదు. అక్కడి సెయింట్ మేరీస్ చర్చిలో బిషప్పులు కూర్చునే రెండు కుర్చీలూ, ఆరాధన బల్లా ఆ కలపతో చేసినవే.

ఈ పటం అడిగేది ఎక్కువేం కాదు. చీటీ పడవ మీంచి మెల్లగా ఊడదీసి, ఫ్రేము అంచున పెట్టి, ‘చేత్తో గీసిన టెమరేర్, దాఫెన్’ అని రాయండి. కొనేవాళ్లు ఒకసారి వెనక్కి తిప్పి చూడాలి. బూజు కింద, మూలన, ఆ చిత్రకారుడు పెన్సిలుతో వేసుకున్న గుర్తు ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.