మాట మూటలు ముప్పదే: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

రెండు ముప్పది గదులందు రేయి పగలు
సున్న గదిలోన కాపరి చూచుచుండ
గంట పదునాఱవదియైన గదిని మోగ
మాట మూటలు ముప్పదే మనకు మిగులు

అవతారిక: ఎక్స్ఛేంజీల మధ్య మాటలు మోసిన పాత లైను ఈ-వన్. మనవాళ్ల నోట ‘టూ ఎంబీ’. దాని మొత్తం వేగమెంత, అందులో వాడుకునేవాడి పాలెంత అన్న ధర్మసందేహం మీద పుట్టిందీ పద్యం. పద్యం నాదే, టీకా నాదే. కవిహృదయం గురించి ఎవరితోనూ పేచీ లేదు.

ప్రతిపదార్థం: రెండు ముప్పది = ముప్పై రెండు (అరవై అని గుణించరాదు, గణాల కోసం రెండు ముందుకొచ్చింది); గదులందు = టైమ్‌స్లాట్లలో; రేయి పగలు = మాట ఉన్నా లేకున్నా; కాపరి = ఫ్రేమ్ హద్దు చెప్పే సంకేతం; గంట = సిగ్నలింగ్; మాట మూటలు = 64 కిలోబిట్ల చానెళ్లు; మిగతాది సులభం.

తాత్పర్యం: ఫోనులో గొంతును సెకనుకు 8000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 8 బిట్లు. అంటే గొంతుకు 64 కిలోబిట్లు. అలాంటి గదులు 32 కలిస్తే ఒక ఫ్రేమ్, 256 బిట్లు. దాన్ని 8000తో గుణిస్తే 2048 కిలోబిట్లు. బిల్లు మీద కనిపించేది ఈ అంకె. కాపరినీ గంటనూ తీసేస్తే మిగిలేది 1920. రూపాయికి పదిహేనణాలన్నమాట. మొత్తం తెలిసి అసలు కావాలంటే పదిహేనుతో హెచ్చించి పదహారుతో భాగించు. అసలు తెలిసి మొత్తం కావాలంటే తిరగెయ్యి. అణాలు పోయినా లెక్క పోలేదు.

విశేషం: కాపరి పని చిన్నదనుకోవద్దు. ఫ్రేము విడిచి ఫ్రేములో అతను 0011011 అని ఒకే కేక వేస్తాడు. అవతలి కొసకు చేరేది ఎడతెగని బిట్ల వరుస. ఆ కేక వినపడకపోతే ఏ బిట్టు ఎవరి గొంతో తేలదు, సుబ్బారావు మాట సుబ్బమ్మ చెవిలో పడుతుంది. గంట గదిది మరో పనితనం. ముప్పై చానెళ్లకూ అదొక్కటే. ఒక్కో ఫ్రేములో రెండేసి చానెళ్ల కబురు, చెరి 4 బిట్లు. పదహారు ఫ్రేముల్లో మొదటిది వరుస గుర్తుకు పోగా పదిహేనింటిలో ముప్పై మందికీ వంతు వస్తుంది, 2 మిల్లీసెకన్లకోసారి. పెళ్లి పందిట్లో వడ్డించేవాళ్లు కూడా ఇంత క్రమంగా వంతులు తప్పకుండా రారు.

శంక: పదునాఱవ గది అన్నారు, వరుసలో అది పదిహేడోది కదా? సమాధానం: లెక్క సున్నతో మొదలైంది. కవి మీద తప్పు లేదు.

మరో శంక: ఫోన్లు లేకుండా డేటా మాత్రమే పంపేవాడికి గంట ఎందుకు? అక్కర్లేదు. ఆ గదీ అద్దెకిచ్చేస్తే 1984 కిలోబిట్లు, పదిహేనున్నర అణాలు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో లీజు లైనుకు రెండు మెగాబిట్ల డబ్బు కట్టి, రూటర్ తెర మీద 1984 చూసి, 64 ఎవడు తిన్నాడని మా మేనేజరుగారు రెండు రోజులు చిందులేశారు. కాపరి జీతమండీ అంటే నమ్మలేదు. కాపరే లేని ఈ-వన్ కూడా ఉంది: ఫ్రేమ్ కట్టకుండా 2048 మొత్తం వాడుకోవచ్చు. అది గోడల్లేని ఇల్లు. గదులు పంచుకోవడం కుదరదు.

పాఠాంతరం: అమెరికా ప్రతిలో ‘నాల్గు నిరువది గదులందు’ అని ఉండాలి. బెల్ వారు 1962లో వాడుకలోకి తెచ్చిన టీ-వన్‌లో గదులు 24, బిట్లు 192. కాపరికి గది ఇవ్వలేదు. గుమ్మం దగ్గర ఒక్క బిట్టు చోటిచ్చారు. 193ను 8000తో గుణిస్తే 1544, అసలు 1536. కాపరి ఖర్చు 8 కిలోబిట్లే! పొదుపని మెచ్చుకోబోతే, గంట ఏదీ? ప్రతి ఆరో ఫ్రేములో ఒక్కో గొంతు నుంచి చివరి బిట్టు కాజేసి గంటకు వాడతారు. గొంతుకు తెలియదు గాని డేటా పాడైపోతుంది. అందుకే ఆ లైన్ల మీద 64 వదులుకుని 56 కిలోబిట్లతో సరిపెట్టుకున్నారు. గది అద్దె మిగుల్చుకుని జేబులు కొట్టే ఈ పాఠం నాకు నచ్చలేదు.

అలంకారం: శ్లేష. నాలుగు ఈ-వన్‌లు కలిపితే 8192 రావాలి. పై అంతస్తు వేగం 8448. గడియారాలు ఒకదానికొకటి కలవని లైన్లను సర్దడానికి అదనపు బిట్లు కావాలి మరి. ఇలా నాలుగేసి చొప్పున ఎక్కితే 34,368, ఆపై 139,264. ఆ చివరి మేడలో ఈ-వన్‌లు 64, గొంతులు 1920. అక్కడ మన పాలు పదిహేడింట పదిహేను. కింద ఒక్క లైనులో కిలోబిట్లూ 1920, పైన మేడంతటా గొంతులూ 1920. ఎవడైనా 1920 అంటే, కిందివాడా పైవాడా అని అడిగి తెలుసుకోవాలి.