శిరస్త్రాణం కింద ముఖం

నేను ఒక రాతి ముఖాన్ని. బెర్లిన్‌లో ఉంటర్ డెన్ లిండెన్ వీధిలోకెల్లా పాతదైన త్సోయిగ్‌హౌస్ భవనంలో, లోపలి ముంగిట ఒక కిటికీ కమాను నడినెత్తిన ఉంటాను. శిల్పి ఆంద్రేయాస్ ష్లూటర్ 1696 ప్రాంతంలో నన్ను ఇసుకరాతిలో చెక్కాడు. ప్రాణం విడుస్తున్న యోధుల ముఖాలం మేం మొత్తం 22. బ్రాండెన్‌బుర్గ్ పాలకుడు మూడో ఫ్రెడరిక్ 1695లో పునాది వేయించగా 1730కి పూర్తయిన ఈ కట్టడం ఫిరంగులూ తుపాకులూ దాచే ఆయుధాగారం. ఇప్పుడిది జర్మన్ చరిత్ర మ్యూజియం. ఆయుధాలు పోయి చరిత్ర వచ్చిందని సంతోషించేవారికి నేను చెప్పదలచింది ఒక్కటే: ఆయుధాలు తీసేస్తే ఆయుధాగారం ఖాళీ అవుతుంది, అంతే. గెలిచినవాడి కథ పక్కన ఓడినవాడి ముఖానికీ చోటు దొరికినప్పుడే అది ఒక జాతి చరిత్రకు మ్యూజియం అవుతుంది.

ఇందుకు నేను చూసిన కాలమే సాక్ష్యం. 1848 జూన్ 14న జనం ఆయుధాల కోసం ఈ భవనం మీదికి విరుచుకుపడ్డారు. ఇక్కడున్నది రాజుదా, ప్రజలదా అన్న ప్రశ్న ఆనాడే తలుపు తట్టింది. 1877 తర్వాత వాస్తుశిల్పి ఫ్రీడ్రిష్ హిట్సిగ్ ముంగిలికి గాజు కప్పు వేసి, భవనాన్ని ప్రష్యా సైన్యానికి కీర్తి మందిరంగా మార్చాడు. అదీ ప్రదర్శనశాలే, కానీ అక్కడ గెలుపుకు తప్ప దేనికీ చోటు లేదు. 1943 మార్చి 21న, వీరుల స్మారక దినం నాడు, హిట్లర్ ఇక్కడికి వచ్చాడు. సోవియట్ సైన్యం నుంచి పట్టుకున్న ఆయుధాలను ప్రదర్శనకు పెట్టారు. తనతోపాటు అతణ్ణీ పేల్చేయాలని గెర్స్‌డోర్ఫ్ అనే అధికారి కోటులో బాంబులు దాచుకుని పక్కనే నడిచాడు. హిట్లర్ నిమిషాల్లోనే వెళ్లిపోవడంతో ఆ ప్రయత్నం విఫలమైంది. ప్రదర్శన ఉన్నంత మాత్రాన యుద్ధం ఇంటి బయట ఆగిపోదని ఆ రోజు రుజువు చేసింది. 1952లో తూర్పు జర్మనీ స్థాపించి ఈ భవనంలో నడిపిన మ్యూజియం రాజుల కీర్తిని పక్కకు నెట్టింది. అయితే అక్కడ ప్రతి ప్రశ్నకూ వర్గపోరాటమనే జవాబు ముందే సిద్ధంగా ఉండేది.

నా వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. ష్లూటర్ మమ్మల్ని యుద్ధాన్ని నిరసించడానికి చెక్కలేదనీ, ఓడిన శత్రువుల తలలను విజయచిహ్నాలుగా వేలాడదీశాడనీ అంటారు. ఆయుధాగారంలో అలాంటి అలంకారం ఆనాటి సంప్రదాయమే కాబట్టి దాన్ని కాదనను. ఇప్పటి చూపరి మాలో చూసే దుఃఖాన్ని పాతకాలపు శిల్పికి అంటగట్టడం న్యాయం కాదు. కానీ విజయాన్ని చాటడానికి చెక్కిన రాయి కూడా నొప్పిని దాచలేకపోయింది. తెరిచిన నోరు, వాలిన కనురెప్ప గెలుపు ఖరీదెంతో చెబుతూనే ఉన్నాయి. మ్యూజియం చేయవలసిన పని ఈ రెండు అర్థాల్లో ఒకటి చెరిపేయడం కాదు. చెక్కించినవాడి ఉద్దేశాన్నీ, రాతిలో మిగిలిన బాధనూ పక్కపక్కనే నిలపాలి.

తన ప్రజలకు గర్వం ఇవ్వని జాతీయ మ్యూజియం దేనికని ఇంకొందరు అడుగుతారు. గర్వం తప్పు కాదు. గర్వం ఒక్కటే పంచిన కాలం ఈ ఇంట్లో సాగింది. దాని చివర ఈ ఇల్లే బాంబులకు గోడలు పగిలి నిలిచింది. 1987లో పశ్చిమ బెర్లిన్‌లో పుట్టిన జర్మన్ చరిత్ర మ్యూజియం 1990లో, రెండు జర్మనీలు ఒకటైనప్పుడు, ఈ భవనానికి వచ్చింది. 2006లో తెరిచిన శాశ్వత ప్రదర్శనను 2021లో మూసి, కొత్తదానికి సిద్ధపడింది. తన కథను తానే మళ్లీ రాసుకోవడం బలహీనత అనిపించవచ్చు. మార్చడానికి వీల్లేని కథ చెప్పిన ఇంతకుముందరి గృహస్థుల గతి చూశాక, నాకది బలంగానే తోస్తుంది.

ఈ భవనం బయటి గోడ మీద, వీధికి ఎదురుగా, అలంకారాలు చెక్కిన రాతి శిరస్త్రాణాలు ఉన్నాయి. వాటిలో తలలు లేవు. లోపల ముంగిట మేమున్నాం, మాకు శిరస్త్రాణాలు లేవు. వీధిలో ఆగిపోయినవారికి కీర్తే కనిపిస్తుంది. గుమ్మం దాటి లోపలికి వచ్చినవారికి, ఆ శిరస్త్రాణం కింద ఉన్న మనిషి కనిపిస్తాడు. జాతి చరిత్రకు మ్యూజియం కావలసింది ఆ నాలుగడుగుల నడక కోసమే.