4ఎల్ గోత్రం

తెలుగులో రాసిన ఈమెయిలును పైథాన్ స్క్రిప్టుతో విప్పబోయినవాడికి మొట్టమొదట కనపడేది తెలుగు మాత్రం కాదు. సబ్జెక్టు ఉండాల్సిన చోట ఒక ఈక్వల్ గుర్తు, ఒక ప్రశ్నార్థకం, యూటీఎఫ్-8 అన్న మాట, ఇంకో ప్రశ్నార్థకం, బి అక్షరం, మళ్ళీ ప్రశ్నార్థకం, ఆ వెనక చీమలబారులా ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ, చివర మరో ప్రశ్నార్థకం, మరో ఈక్వల్. నాలుగు ప్రశ్నార్థకాలు చూశాక అయిదోది చూసేవాడి మొహంమీదే మొలుస్తుంది. వైరస్ అనుకునేవాళ్ళు కొందరు, సర్వరు చెడిందనుకునేవాళ్ళు కొందరు, తెలుగు ఖర్మ ఇలా తగలడిందని నిట్టూర్చేవాళ్ళు ఇంకొందరు. నా వాదన వీళ్ళందరికీ అడ్డం. తమిళదేశంలో తెలుగు కొన్ని వందల ఏళ్ళుగా చాలా వేషాలు కట్టి తిరిగింది. ఆ వేషాలన్నిటిలోకీ నిజాయితీగలది ఈ చీమలబారే. కోయంబత్తూరు పీలమేడులోనో, మదురై చుట్టుపక్కల నాయకరాజుల కాలంలో దిగిన పల్లెల్లోనో పుట్టి కంప్యూటరు పని పట్టినవాళ్ళకు ఈ సంగతి హైదరాబాదువాళ్ళకంటే ముందు తట్టాలి. లోపల ఒక భాష, పైన ఇంకో లిపి అనే కాపురం వాళ్ళకు పుట్టుకతోనే వచ్చింది మరి.

ముందు ఈ వేషం ఎందుకొచ్చిందో చూద్దాం. 1982లో డేవిడ్ క్రాకర్ ఆర్ఎఫ్‌సీ 822 అనే ఇంటర్నెట్ నియమపత్రంతో ఈమెయిలుకు ఒక రూపం ఖాయం చేసినప్పుడు, ఉత్తరంలో ఇంగ్లీషు టైపుమిషను మీటలను మించి ఏమైనా ఉంటుందన్న చింత లేదు. ఏడు బిట్లు, 128 గుర్తులు, దారి వెడల్పు అంతే. పదేళ్ళకు, 1992లో, నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ తెచ్చారు. వాళ్ళు రోడ్డు వెడల్పు చెయ్యలేదు. అప్పటికే దారి పొడుగునా పాత సర్వర్లు అరుగులు కట్టుకుని కూర్చున్నాయి, లేవమంటే లేచే రకం కాదు. అందుకని సందులో పట్టేట్టు సరుకునే మూట కట్టి, మూటమీద చీటీ అంటించారు. లోపలున్నది ఏమిటి, ఏ అక్షరమాలలో ఉంది, ఎలా మడిచాం, ఎలా విప్పాలి అన్నవి ఆ చీటీలో ఉంటాయి. తెలుగు అంతకు ముందు ఏడాదే, 1991లో, యూనికోడ్‌లో ఇల్లు కట్టుకుంది. యూటీఎఫ్-8 లెక్కన తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. బేస్64 అనే మూటపద్ధతి మూడు బైట్లను నాలుగు ఇంగ్లీషు గుర్తులుగా మారుస్తుంది. మదురై అన్న మాటను గుణింతాలతో సహా విడదీస్తే అయిదు గుర్తులు, కట్టిన మూట ఇరవై. కోయంబత్తూరుకు పదకొండు, మూట నలభై నాలుగు. పైసా తేడా రాదు. కోటెడ్ ప్రింటబుల్ అని ఇంకో పద్ధతి ఉంది, అది తెలుగు గుర్తుకు తొమ్మిదేసి వసూలు చేస్తుంది. దాని జోలికి పోవద్దు.

ఆ చీమలబారును కాస్త ఓపికపట్టి చూస్తే ఒక వంశవృక్షం బయటపడుతుంది. బేస్64లో తెలుగు గుర్తు ఏదైనా సరే, 4తో మొదలై ఎల్‌తో నడుస్తుంది. మూడో స్థానంలో సీ గాని జీ గాని వస్తుంది. వాడుకలో ఉన్న అచ్చులు, హల్లులు, దీర్ఘం, గుడి సీ వీధిలో కాపురముంటే, గుడిదీర్ఘం మొదలు తక్కిన గుణింతాలూ పొల్లూ తెలుగు అంకెలూ జీ వీధిలో ఉంటాయి. 4ఎల్ గోత్రం, సీ, జీ ఇంటిపేర్లు అనుకోండి. మరి తమిళం? దాని గోత్రం 4కే. అక్షరమాలలో కే పక్కిల్లే ఎల్, మధ్యలో పిట్టగోడ కూడా లేదు. కన్నడానిదీ మలయాళానిదీ మళ్ళీ మన 4ఎలే, ఇంటిపేర్లు మాత్రం వేరు. తమిళానికి 4కే గోత్రంలో దొరికిన దాయాది ఎవరయ్యా అంటే, దేవనాగరి. అంటే హిందీ! 1965లో హిందీ వద్దని ఊగిపోయిన మదురై వీధుల్లో ఈ సగోత్రం సంగతి గట్టిగా అనకపోవడం ఒంటికి మంచిది. ఇంకో మెలిక కూడా ఉంది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఒక్క బైటే కాబట్టి, మొదటి మాట తర్వాత లెక్క జారి 4ఎల్ మాయమవుతుంది, రెండో మాటలోనూ మూడో మాటలోనూ గోత్రం తెలియదు, నాలుగో మాటకు మళ్ళీ ఇల్లు చేరుతుంది. అందుకే మూటను కంటితో చదవబోకండి, విప్పేవాడి చేత విప్పించండి.

ఇప్పుడు రెండో వేషం చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో తమిళనాట నూటికి దాదాపు ఆరుగురి మాతృభాష తెలుగు. వీళ్ళలో చాలామందికి ఇంట్లో మాట తెలుగు, బళ్ళో రాత తమిళం. తెలుగు మాట రాయాల్సి వస్తే చేతికొచ్చిన తమిళలిపిలో రాసేస్తారు. చదవడానికి సుఖంగా ఉంటుంది, చీమలబారు బెడద లేదు. కాని తమిళలిపికి క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ప, ఫ, బ, భల సంగతీ అంతే. కాబట్టి కాలి, గాలి ఒకటే రాత. పైగా ఆ రాతకు తమిళంలో సొంత అర్థం కూడా ఉంది: ఖాళీ. ఒక్క మాటలో కాలు ఉంది, గాలి ఉంది, ఏమీ లేదు కూడా. పాట బాగుంది అని రాస్తే బాట బాగుందని చదువుకోవచ్చు, దారి పొడుగునా పాడుకుంటూ పోవచ్చు. పాంచాలంకురిచ్చి పాలెగాడి వంశనామం గెట్టిబొమ్ము కట్టబొమ్మన్‌గా మారడం ఈ జాతి మార్పే అంటారు. మూట కట్టేటప్పుడే సరుకు సగం రాలిపోయింది, విప్పేవాడు ఎంత నేర్పరి అయినా రాలింది ఎక్కణ్ణుంచి తెస్తాడు? బేస్64 చూడ్డానికి దయ్యం, కాని విప్పితే పొల్లుతో సహా అప్పజెబుతుంది. తమిళలిపి తెలుగు చూడ్డానికి పెళ్ళికూతురు, విప్పితే కాలో గాలో తేలదు.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఆవారంపాళయంలో అవ్వ ఇన్నేళ్ళుగా ఈ రాతను తడుముకోకుండా చదువుతోంది కదా, కాలి అని ఉంటే సందర్భాన్ని బట్టి గాలి అనుకుంటుంది కదా, నష్టమేమిటని. నిజమే. కాని అవ్వ చదవడం లేదు, ఊహిస్తోంది. ఆమె నెత్తిమీద ఎనభై ఏళ్ళ తెలుగు ఉంది గనక ఊహ గురి తప్పదు. ఆ తెలుగు లేని మనవడికి ఆ కాగితం ఒట్టి కాగితమే. స్క్రిప్టు ఆ మనవడికంటే అధ్వానం. పైథాన్‌కు అక్షరమాల ఏదో చెప్పే చీటీ లేకుండా తెలుగు బైట్లను పచ్చిగా అందిస్తే అది ఆస్కీ, అంటే ఆ పాత 128 గుర్తుల అక్షరమాల, అనుకుని చదవబోతుంది, పోలిక తెలియని ప్రతి బైటు చోటా నల్ల వజ్రంలో తెల్ల ప్రశ్నార్థకం పొదుగుతుంది. మదురైకి పదిహేను వజ్రాలు! మీనాక్షమ్మవారి కిరీటానికి పెట్టవచ్చుగాని ఉత్తరానికి పనికిరావు, వాటినుంచి మదురైని మళ్ళీ తీయడం ఆ అమ్మవారి తరం కూడా కాదు. ఇంకొకరు కి. రాజనారాయణన్‌ను సాక్షిగా పిలుస్తారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన ఆయన, తెలుగువాళ్ళు దక్షిణానికి తరలివచ్చిన కథను 1976లో ‘గోపల్ల గ్రామం’గా తమిళంలోనే రాశారు, దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, ఏం తక్కువైందని. ఏమీ తక్కువ కాలేదు. ఆ మూటమీద తమిళం అని చీటీ ఉంది, లోపలా తమిళమే ఉంది. చీటీ నిజం చెబితే లోపల ఏ సరుకైనా నాకు అభ్యంతరం లేదు. అయితే ఆయన పూర్తి పేరు రాయంగల శ్రీకృష్ణ రాజనారాయణ పెరుమాళ్ రామానుజం నాయకర్. సబ్జెక్టులో ఒక్కో మూట 75 గుర్తులు దాటకూడదన్నది నియమం. చీటీ ఖర్చు పోను ఒక్కో మూటలో పదిహేను తెలుగు గుర్తులే పడతాయి. ఆ లెక్కన ఆ పేరుకు కనీసం నాలుగు మూటలు కావాలి. తమిళలోకం ఏ ఆర్ఎఫ్‌సీ చదవకుండానే ఆ చిక్కు తెంచి, కి.రా. అంది.

పొడి అక్షరాల దగ్గరకు వచ్చాం కనుక ఉత్తరాలు విప్పడం మాని కట్టడం సంగతి చూద్దాం. ఆంధ్రదేశంలో పేరు ముందు పొడి అక్షరం కనపడితే ఇంటిపేరని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కోయంబత్తూరులో ఆ నమ్మకం పెట్టుకుంటే బోల్తా. కలంగల్‌లో 1893లో పుట్టి, మోటార్లు, రేజర్లు, బస్సులతో ఊరికే పేరు తెచ్చిన జి.డి. నాయుడు పేరులో జి తండ్రి గోపాలస్వామి, డి తానే, దొరైస్వామి. పి.ఎస్.జి. విద్యాసంస్థల పేరులోని పి మనిషే కాదు, పీలమేడు ఊరు. ఎస్ తండ్రి, సామనాయుడు. జి గోవిందస్వామి నాయుడు. ఒకచోట మొదటి అక్షరం తండ్రి, ఇంకోచోట ఊరు, గోదావరి జిల్లాలో వంశం. ఏది ఏదో చెప్పే చీటీ లేదు. ఈమెయిలు వ్యాకరణం ఇంతకంటే మొండిది. పంపినవారి గడిలో ఇంగ్లీషులో రాసిన పేరు మధ్య చుక్క ఉంటే పేరును కోట్లలో, అంటే కొటేషన్ గుర్తుల మధ్య, పెట్టాలి. చుక్కను విడిగా వదిలేసే రాతను 2008 నాటి ఆర్ఎఫ్‌సీ 5322 కాలం చెల్లిన వ్యాకరణం అనే దొడ్లో కట్టేసింది: ఎవరైనా అలా రాస్తే చదువు, నువ్వు మాత్రం రాయకు. కోట్లు లేకుండా సంతకం పెడితే కోయంబత్తూరు నాయుళ్ళంతా ఒక్క కలంపోటుతో కాలం చెల్లినవాళ్ళయ్యారు! నాయుడు, జి.డి. అని కామా పెట్టి రాస్తే మరీ ఘోరం. కామా విలాసాలను విడదీసే గుర్తు, కాబట్టి నాయుడు ఒకరు, జి.డి. మరొకరు, ఒక మనిషి ఇద్దరై ఊరుకుంటారు. పైథాన్‌లో ఫార్మాట్ అడ్రస్ అనే చిన్న పనివాడున్నాడు. చుక్కగాని కామాగాని కనపడితే నోరెత్తకుండా కోట్లు తగిలిస్తాడు. కాని ప్రోగ్రామర్లలో ఒక తెగకు పనివాళ్ళంటే గిట్టదు. సబ్జెక్టు అనే మాట, ఒక కోలన్, ఒక పేరు, ఒక న్యూలైను, ఇంతకు లైబ్రరీ దేనికని స్ట్రింగుకు స్ట్రింగు ముడేస్తారు. మదురై నాయకరాజుల కొలువులో దళవాయి, ప్రధాని తర్వాత పెద్ద ఉద్యోగం రాయసం, అంటే ఉత్తరాలు రాసేవాడు. తిరుమల నాయకుడంతటివాడు మహల్ కట్టించాడుగాని రాయసాన్ని తీసేసి తాటాకు తనే చీల్చుకోలేదు. ముడేసే స్ట్రింగులో పేరు ఇచ్చేది ఎవడో ఆగంతకుడైతే, పేరు మధ్య ఒక న్యూలైను దూర్చి, దాని వెనక రహస్యకాపీ హెడర్ ఒకటి తనే తగిలించి, మీ ఖర్చుతో ఊరంతటికీ ఉత్తరాలు పంచుతాడు. పైథాన్ ఈమెయిలు లైబ్రరీలోని కొత్త పద్ధతి హెడర్‌లో న్యూలైను కనపడగానే ససేమిరా అంటుంది.

ఈ లైబ్రరీ పుట్టుక నుంచీ సాధుజంతువేమీ కాదు. బ్యారీ వార్సా మైమ్‌లిబ్ పేరుతో మొదలుపెట్టినది 2001లో పైథాన్ 2.2తో ఈమెయిల్ ప్యాకేజీగా గృహప్రవేశం చేసింది. డిక్షనరీలా కనపడుతుంది, కాని డిక్షనరీ కాదు: పాత పద్ధతిలో సబ్జెక్టుకు రెండోసారి విలువ ఇస్తే పాతది పోదు, రెండు సబ్జెక్టులతో ఉత్తరం బయల్దేరుతుంది, రెండు బొట్లు పెట్టుకున్న పెళ్ళికొడుకులా. 2008లో పైథాన్ 3 వచ్చి బైట్లు వేరు, అక్షరాలు వేరు అని గిరి గీసింది. ఈమెయిలు మాత్రం సగం ఇటు సగం అటు నుంచుని చాలాకాలం నలిగింది. చివరకు డేవిడ్ ముర్రే తిరగరాసిన పద్ధతి 2012లో 3.3తో గుమ్మంలోకి, 2016లో 3.6తో పీటమీదకూ వచ్చింది. అది రెండో సబ్జెక్టు పెడితే అక్కడే అరుస్తుంది. ఇప్పటికీ విప్పేటప్పుడు పాలసీ డిఫాల్ట్ అని నోరు తెరిచి అడిగితేనే కొత్తది వస్తుంది, డిఫాల్ట్ అని అడక్కపోతే డిఫాల్ట్‌గా పాతదే. ఈ వాక్యం నాది, తప్పు నాది కాదు. పాతదాంట్లో గెట్ పేలోడ్ అని పిలిచి డీకోడ్ ట్రూ అంటే తెలుగు వస్తుందనుకోవడం సహజం. వచ్చేవి బైట్లు. పొల్లాచ్చి కొబ్బరికాయ పీచు ఒలిచి చేతికిచ్చినట్టు, బేస్64 తీసింది, అక్షరమాల చూసి పగలగొట్టుకోవడం మీ వంతు. కొత్తదాంట్లో గెట్ బాడీ, గెట్ కంటెంట్ అంటే చాలు, కొబ్బరి కోరి పళ్ళెంలో పెడుతుంది.

ఇంకా ఈ మూటలెందుకు, రోడ్లు వెడల్పయ్యాయి, యూటీఎఫ్-8 పచ్చిగానే పంపవచ్చు కదా అనేవాళ్ళున్నారు. పంపవచ్చు. 2012లో ఆర్ఎఫ్‌సీ 6531, 6532 హెడర్లలో సైతం అందుకు అనుమతి ఇచ్చాయి. షరతల్లా దారిలోని ప్రతి సర్వరూ నాకు వచ్చునని ముందే చెప్పాలి. కోయంబత్తూరులో ఎక్కిన సరుకు పొల్లాచ్చి ఒప్పుకుని, పళని ఒప్పుకుని, దిండిగల్లు నాకు రాదంటే మదురై చేరదు, వెనక్కొస్తుంది. మూట కట్టి చీటీ అంటించినది మాత్రం తెలుగు ముక్క రాని చేతుల మీదుగా కూడా చెక్కుచెదరకుండా పోతుంది. మోసేవాడికి భాష రావాలన్న నియమం పెడితే తమిళనాట తెలుగు ఏ శతాబ్దంలోనూ ఏ ఊరూ చేరేది కాదు.

చీటీ ఒక్కటి సరిగ్గా ఉంటే మూటలో ఎన్ని భాషలున్నా ఇబ్బంది లేదు. కోయంబత్తూరు దేవాంగుల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళున్నాయి, కన్నడం మాట్లాడే ఇళ్ళున్నాయి, మగ్గం ఒకటే. అలాంటి ఇంట్లో ఎవరైనా మూడు పొట్టి తెలుగు మాటలూ ఆ వెనక ఒక కన్నడ మాటా కలిపి ఒక సబ్జెక్టు రాశారనుకోండి. విప్పకముందు చూస్తే మొదటి మాటలో 4ఎల్‌సీ, నాలుగో మాటలో 4ఎల్‌కే. గోత్రం ఒకటి, ఇంటిపేర్లు రెండు. సగోత్రీకులు గనక సంబంధం కలుపుకోవడం కుదరదేమోగాని, ఒకే మూటలో పక్కపక్కన కూర్చుని మదురై దాకా ప్రయాణం చెయ్యడానికి ఏ ఆర్ఎఫ్‌సీ అడ్డు చెప్పలేదు.